ఓపెన్‌కాస్ట్ పక్కన ఇల్లు: దుమ్ముకు కొలత ఉంది, కొలిచేది ఎవరు?

గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం, ఇల్లందు, భూపాలపల్లి. ఈ ఊళ్లలో గని దగ్గరి బస్తీల ఆడవాళ్లకు దుమ్ము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున కడిగిన వాకిలి సాయంత్రానికి నల్లబడుతుంది, ఆరేసిన బట్టలు మళ్లీ తడపాల్సి వస్తుంది. బొగ్గు ఊరన్నాక ఇంతే కదా అని పెద్దవాళ్లు సర్దుకుపోతారు. కానీ ఆ దుమ్ముకు చట్టంలో ఒక హద్దు ఉంది. అది మామూలు పట్టణానికి ఒకటి, బొగ్గు గనికి ఇంకొకటి.

ముక్కులోంచి ఊపిరితిత్తుల దాకా పోయే సన్నటి దుమ్మును పీఎం10 అంటారు. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఇది 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు. బొగ్గు గనులకు మాత్రం కేంద్రం 2000 సెప్టెంబర్‌లో వేరే నోటిఫికేషన్ ఇచ్చింది. దుమ్ము లేచే చోటు నుంచి 500 మీటర్ల దూరంలో కొలిచినప్పుడు, గోదావరి లోయలోని పాత గనులకు 300 వరకు, కొత్త గనులకు 250 వరకు ఫర్వాలేదు అంది. అంటే రెండున్నర నుంచి మూడు రెట్లు. ఊపిరితిత్తులకు పాత గని, కొత్త గని తేడా ఏం తెలుస్తుంది?

అదే నోటిఫికేషన్‌లో జనానికి పనికొచ్చే మాట కూడా ఒకటుంది. దుమ్ము లేచే చోటుకు 500 మీటర్ల లోపు ఇళ్లు గానీ దుకాణాలు గానీ ఉంటే, అక్కడ గని ప్రమాణం చెల్లదు, అందరికీ ఉన్న సాధారణ ప్రమాణమే వర్తించాలి. ఓసీపీ అంచున ఉన్న కాలనీలు ఫిర్యాదు రాసేటప్పుడు ముందు రాయాల్సింది ఈ సంగతే. మా ఇల్లు ఇన్ని మీటర్లలో ఉంది అన్న ఒక్క వాక్యంతో లెక్క మారిపోతుంది.

ఇక కొలిచేది ఎవరు? మామూలుగా గని యాజమాన్యమే, లేదా అది డబ్బిచ్చి పెట్టుకున్న ల్యాబ్. రెండు వారాలకోసారి నమూనా తీస్తారు. పర్యావరణ అనుమతిలోని షరతులు పాటిస్తున్నామని ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబర్ 1కి, కంపెనీయే కేంద్ర శాఖకు రిపోర్టు పంపుతుంది. తనిఖీకి అధికారులు రారని కాదు, వస్తారు. కానీ రోజువారీ లెక్క మాత్రం తన పరీక్ష పేపర్ తానే దిద్దుకున్నట్టే ఉంటుంది.

సింగరేణిలో మొదటి నుంచీ ఇంత దుమ్ము లేదు. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు బయటపడింది 1871లో. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పని ఎక్కువగా భూగర్భంలోనే నడిచింది. తట్టా, చెమ్మాస్ పట్టుకుని కిందికి దిగిన కార్మికుల ఊపిరి పాడైంది నిజమే, కానీ పైన ఊరు ఊరుగా ఉండేది. ఓపెన్‌కాస్ట్ వచ్చాక బొగ్గు మీదున్నదంతా, చెట్టూ చేనూ రాయీ ఊరూ, పక్కకు పోయాల్సి వచ్చింది. ఊళ్ల చుట్టూ కొండల్లా కనిపించే మట్టి గుట్టలు అవే. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో సింహభాగం ఓపెన్‌కాస్ట్‌దే. ఉద్యోగాల సంగతి చూస్తే, 1990ల మొదట్లో లక్ష దాటిన సిబ్బంది ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. తండ్రికి దొరికిన పర్మినెంట్ నౌకరీ కొడుక్కి దొరకడం లేదు గానీ, దుమ్ము మాత్రం ఇద్దరికీ దొరుకుతోంది.

నీళ్ల కథ ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. గుంత లోతుకు పోయేకొద్దీ చుట్టుపక్కల భూగర్భ జలం అందులోకే దిగుతుంది, ఆ నీటిని మోటార్లతో తోడి బయటికి వదులుతారు. ముందు చేదబావి ఎండుతుంది, తర్వాత బోరు. గుట్టల మీద పడ్డ వాన మట్టిని తీసుకొచ్చి వాగుల్లో, చెరువుల్లో పోస్తుంది.

బ్లాస్టింగ్‌కూ లెక్క ఉంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాల్లో గని కంపెనీకి చెందని ఇళ్ల దగ్గర కదలిక సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదు. గోడ పగిలిన వాళ్లు తేదీ, టైమ్, ఫోటో పెట్టుకుని, ఆ రోజు కంపన రీడింగ్ ఎంత అని సమాచార హక్కు కింద అడగొచ్చు.

కొత్త గనికైనా, విస్తరణకైనా ముందు పర్యావరణ ప్రభావ అంచనా, అంటే ఈఐఏ రిపోర్టు తయారవుతుంది. దాన్ని రాసే కన్సల్టెంట్‌కు ఫీజు ఇచ్చేది గని కంపెనీయే. జనం మాట రికార్డులోకి ఎక్కే ఒకే ఒక్క చోటు ప్రజాభిప్రాయ సేకరణ. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం దీనికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. రిపోర్టు సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో దొరకాలి. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం అన్నారో అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. కోరం అనేది లేదు, పది మందే వచ్చినా సభ జరిగినట్టే. అందుకే మైకు దొరకని వాళ్లు, ముఖ్యంగా గుంపులో మాట్లాడలేని ఆడవాళ్లు, ముందే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వడం మంచిది. అదీ లెక్కలోకే వస్తుంది. ఊరు ఖాళీ చేయించే ప్రాజెక్టయితే ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. 2013 భూసేకరణ చట్టంలోని మూడో షెడ్యూల్ పునరావాస కాలనీలో ప్రార్థనా స్థలం, శ్మశానం లేదా కబరస్తాన్ ఉండాలంటుంది. వాటికి స్థలం ఏ సర్వే నంబర్‌లో చూపించారు?

ఈ కాస్త చోటూ చిన్నదవుతోంది. 2022 మే నెలలో, దేశంలో బొగ్గు కొరత ఉందని చెప్పి, అప్పటికే 40 శాతం విస్తరణకు అనుమతి తెచ్చుకున్న గనులు 50 శాతం దాకా పోవడానికి కేంద్ర పర్యావరణ శాఖ దారి తెరిచింది. కొత్త ఈఐఏ అక్కర్లేదు, జనాన్ని అడగక్కర్లేదు. ఆరు నెలల వెసులుబాటే అన్నారు గానీ, ఆ ఆరు నెలల్లో పెరిగిన గుంత మళ్లీ పూడదు కదా.

శిక్షలూ అలాగే మారాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. జైలు శిక్షలు పెద్దగా పడింది కూడా లేదు, నిజమే. అయినా వేల కోట్ల టర్నోవర్ ఉన్న ఏ గని కంపెనీకైనా 15 లక్షలు ఖర్చుల పద్దులో ఒక చిన్న ఎంట్రీ.

డబ్బు లేక ఏమీ చేయలేకపోయారు అనుకోవడానికీ లేదు. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్సు మొదలైంది, స్వచ్ఛ ఇంధన నిధి పేరుతో. 2016కి అది 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సొమ్మును రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చడానికి మళ్లించారు. గాలి పేరుతో వసూలైంది, గాలికి అందలేదు.

మిగిలింది జిల్లా ఖనిజ ఫౌండేషన్, డీఎంఎఫ్. 2015 జనవరికి ముందు కేటాయించిన గనులు కట్టే రాయల్టీ మీద 30 శాతం అదనంగా ఇందులో పడుతుంది. తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నియంత్రణకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని రూల్. ఈ నిధి ఏ వార్డులో దేనికి ఖర్చయిందో చూపమని కలెక్టరేట్‌లో ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. సమాచార హక్కు కింద ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.