నీళ్లు అన్న మాట దగ్గర: ‘ది మిరకిల్ వర్కర్’, ‘బ్లాక్’ చిత్రాల పోలిక

విషయ పరిచయం

అనువాదానికీ అనుసరణకూ ఉన్న తేడాను ఇంతకుముందు పాఠంలో చదువుకున్నారు. ఈ పాఠంలో ఆ తేడాను సినిమాకు అన్వయించి చూద్దాం. అందుకోసం రెండు చిత్రాలను తీసుకుంటున్నాం. ఒకటి ఆర్థర్ పెన్ దర్శకత్వంలో 1962లో వచ్చిన అమెరికన్ చిత్రం ‘ది మిరకిల్ వర్కర్’. రెండోది సంజయ్ లీలా భన్సాలీ 2005లో తీసిన హిందీ చిత్రం ‘బ్లాక్’. చూపు, వినికిడి రెండూ లేని ఒక పాపకు ఒక గురువు భాష నేర్పడమే రెండింటిలోనూ కథ.

విజయవాడ గాంధీనగర్ సినిమా పంపిణీ కార్యాలయాలకు పేరుపడ్డ చోటు. ఆ వ్యాపారంలో రీమేక్ అన్న మాటకు అర్థం సూటిగా ఉంటుంది. ఒక భాషలో ఆడిన సినిమా హక్కులు కొని మరో భాషలో తీస్తే అది రీమేక్. మీలో చాలామంది చూసిన ‘ఊపిరి’ (2016) అలాంటిదే. 2011 నాటి ఫ్రెంచి చిత్రం ‘ది ఇన్‌టచబుల్స్’కు అది అధికారికమైన రీమేక్. చక్రాల కుర్చీకి పరిమితమైన ధనవంతుడు, అతణ్ణి చూసుకోవడానికి వచ్చిన అల్లరి కుర్రాడు, వాళ్ల మధ్య స్నేహం అలాగే ఉన్నాయి. వాటి చుట్టూ మన కుటుంబాలూ మన పాటలూ వచ్చి చేరాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాదు.

‘బ్లాక్’ విషయం అంత తేలిక కాదు. హెలెన్ కెల్లర్ జీవితమే ఈ సినిమాకు ప్రేరణ అని దర్శకుడు చెప్పాడు. పాత్రల పేర్లు వేరు, దేశం వేరు, గురువు ఆడమనిషి కాదు. అయినా మొదటి సగం చూస్తుంటే పాత సినిమా సన్నివేశాలు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తాయి. రెండో సగం పాత సినిమాలో లేనే లేదు. కాబట్టి ‘బ్లాక్’ సగం రీమేక్, సగం కొత్త కథ అనుకోవడమే మన పనికి అనువుగా ఉంటుంది. ఆ రెండు సగాలూ కలిసే చోటే అసలు విషయం ఉంది.

మూలానికి ముందున్న మూలం

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1962 నాటి చిత్రాన్ని మనం మూలం అంటున్నాం గాని, అదీ మరొకదానికి అనుసరణే. విలియం గిబ్సన్ దాన్ని మొదట టెలివిజన్ నాటకంగా రాశాడు. అది 1957లో ప్రసారమైంది. మనకు ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాది అది. 1959లో అదే కథ బ్రాడ్‌వే రంగస్థలం మీదికి, 1962లో వెండితెర మీదికి వెళ్లింది. మూడింటికీ దర్శకుడు ఆర్థర్ పెన్. రంగస్థలం మీద గురువుగా ఆన్ బాంక్రాఫ్ట్, పాపగా పాటీ డ్యూక్ నటించారు. సినిమాలోనూ వాళ్లే నటించి ఇద్దరూ ఆస్కార్ పురస్కారాలు అందుకున్నారు.

వీటన్నిటికీ వెనుక నిజ జీవితం ఉంది. హెలెన్ కెల్లర్ 1880 జూన్ 27న అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో పుట్టింది. పందొమ్మిది నెలల వయసులో వచ్చిన జబ్బుతో చూపు, వినికిడి పోయాయి. 1887 మార్చి 3న ఆన్ సలివన్ ఆ ఇంటికి గురువుగా వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. చిన్నతనంలోనే కంటిజబ్బుతో చూపు దెబ్బతింది. అనాథగా టూక్స్‌బరీ అనాథ శరణాలయంలో పెరిగింది, తమ్ముణ్ణి అక్కడే పోగొట్టుకుంది. ఆ తరువాత పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదువుకుంది. హెలెన్‌కు నీళ్లు అన్న మాట తెలిసింది ఏప్రిల్ 5న. అంటే గురువు వచ్చిన నెలరోజులకు.

మనం పోల్చవలసినవి రెండు కాదు, మూడు: జీవితం, మొదటి చిత్రం, రెండో చిత్రం. ఈ సంగతి మరిచి రీమేక్‌ను మూలంతో మాత్రమే పోలిస్తే, మూలం చేసిన మార్పులు మన కంటపడవు.

భోజనాల బల్ల

రెండు చిత్రాల్లోనూ భోజనాల సన్నివేశం ఉంది. పాప బల్ల చుట్టూ తిరుగుతూ అందరి పళ్లాల్లో చెయ్యి పెట్టి తింటుంది. ఇంట్లోవాళ్లకు అది అలవాటైపోయింది. జాలి కొద్దీ ఎవరూ ఏమీ అనరు. గురువు తన పళ్లెంలో చెయ్యి పెట్టనివ్వదు. అందరినీ బయటికి పంపించి తలుపు వేస్తుంది. పెన్ చిత్రంలో ఆ తరువాతి పోరాటం దాదాపు తొమ్మిది నిమిషాలు నడుస్తుంది. మాటలు దాదాపు లేవు. చెంచాలు విసరడం, కుర్చీలు పడదోయడం, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టడం, ఇంతే. చివరికి గురువు బయటికి వచ్చి తల్లికి చెప్పేది రెండే విషయాలు: గది నాశనమైపోయింది, పాప తన రుమాలు మాత్రం మడతపెట్టింది.

ఈ సన్నివేశాన్ని మీరు క్రమశిక్షణ పాఠంగా చదివితే పొరపాటు. గురువు అక్కడ గెలిచింది పాప మీద కాదు, ఆ ఇంటివాళ్ల జాలి మీద. ఈ పాప నేర్చుకోగలదని ఆ గదిలో నమ్మింది ఆమె ఒక్కతే. కొట్టడం, ఈడ్చుకురావడం కూడా సన్నివేశంలో ఉన్నాయి. నేటి ప్రత్యేక విద్యలో వాటికి చోటు లేదు. సినిమా గొప్పదని వాటిని పద్ధతిగా తీసుకోకూడదు.

‘బ్లాక్’ ఈ సన్నివేశాన్ని సిమ్లాలోని ఒక ఆంగ్లో-ఇండియన్ ఇంట్లోకి తీసుకువచ్చింది. పాప పేరు మిషెల్ మెక్‌నాలీ, గురువు దేబ్‌రాజ్ సహాయ్. చిన్ననాటి మిషెల్‌గా ఆయేషా కపూర్, పెద్దయ్యాక రాణీ ముఖర్జీ, గురువుగా అమితాబ్ బచ్చన్ నటించారు. దర్శకుడు ఆ కుటుంబాన్నే ఎందుకు ఎంచుకున్నాడని ఆలోచించండి. ఆ ఇంట్లో బల్ల ఉంటుంది, చెంచా ఉంటుంది, రుమాలు ఉంటుంది. అన్నిటికీ మించి, వాటర్ అన్న ఇంగ్లీషు మాట ఆ ఇంటి మాటే అవుతుంది. మూలాన్ని పెద్దగా మార్చనవసరం లేని భారతీయ ఇంటిని వెతికి పట్టుకున్నాడన్నమాట. తెలివైన ఎంపికే. కానీ కష్టమైన పనిని తప్పించుకున్న ఎంపిక కూడా.

ఇదే కథను దివిసీమలోనో గుడివాడ పక్క పల్లెలోనో తీయవలసి వస్తే ఏమవుతుంది? చెంచా పనికిరాదు, మనం చేత్తోనే తింటాం. అప్పుడు పోరాటం పాప తన కంచం ముందు తాను కూర్చోవడం గురించి, ఎవరో కలిపి పెట్టే ముద్ద వద్దని తన అన్నం తాను కలుపుకోవడం గురించి అవుతుంది. నాయనమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, పాపం పసిదాన్ని ఏడిపించకమ్మా అంటూనే ఉంటుంది. వస్తువులన్నీ మారతాయి, జాలి మారదు. రీమేక్‌లో దేన్ని మార్చాలి, దేన్ని నిలపాలి అన్న ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ.

పంపు, ఫౌంటెన్

సలివన్ రాసిన ఉత్తరాల వల్ల 1887 ఏప్రిల్ 5న జరిగిందేమిటో మనకు తెలుసు. హెలెన్‌కు అప్పటికే చాలా మాటల అక్షరాలు వేళ్లతో చేయడం వచ్చు. అయితే కప్పునూ అందులోని నీళ్లనూ వేరుచేసి గుర్తించలేక తికమకపడేది. గురువు ఆమెను పంపు దగ్గరికి తీసుకువెళ్లి, ఒక చేత్తో కప్పు పట్టించి, పంపు కొట్టింది. చల్లటి నీళ్లు కప్పు నిండి చేతిమీద పొర్లుతుంటే, రెండో అరచేతిలో వాటర్ అన్న ఐదు అక్షరాలు రాసింది. గిన్నె వేరు, నీళ్లు వేరు అన్నది అప్పుడు తెలిసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుందన్నదీ అప్పుడే తెలిసింది. ఆ తరువాతి కొన్ని గంటల్లోనే ముప్పై దాకా కొత్త మాటలు నేర్చుకుందని సలివన్ రాసింది.

పెన్ చిత్రంలో కప్పు తికమక లేదు. మళ్లీ భోజనాల బల్ల దగ్గర గొడవ జరుగుతుంది, పాప నీళ్ల కూజాను గురువు మీద కుమ్మరిస్తుంది. ఒలికించిన కూజాను నువ్వే నింపు అని గురువు ఆమెను పంపు దగ్గరికి లాక్కెళుతుంది. నాటకీయత కోసం చేసిన మార్పు ఇది. అయినా ముఖ్యమైనది మిగిలింది: ఒక చేతిమీద నీళ్లు, రెండో చేతిలో మాట, రెండూ ఒకే క్షణంలో. అప్పుడు పాప నోటినుంచి ‘వా-వా’ అన్న ధ్వని వస్తుంది. జబ్బుకు ముందు, పసితనంలో ఆమెకు వచ్చిన మాట అది. లోపల ఎక్కడో మిగిలిపోయిన పాత మాట కొత్త మాటను పలకరిస్తుంది.

‘బ్లాక్’లో తండ్రి ఊళ్లో లేని ఇరవై రోజులు గురువుకు గడువు. చివరి రోజున తండ్రి తిరిగివస్తాడు. మిషెల్ మొండితనానికి విసిగిన దేబ్‌రాజ్ ఆమెను ఇంటిముందరి ఫౌంటెన్‌లోకి తోసేస్తాడు. నీళ్లలో మునిగి లేచిన పాపకు అక్కడ మాట తెలుస్తుంది.

ఒళ్లంతా తడిసిన పాప, పక్కనే తల్లిదండ్రులు, పైకెగసే సంగీతం. చూడటానికి ఫౌంటెన్ గొప్పగా ఉంటుంది. కానీ మాట ఎలా తెలిసిందో పంపు వివరిస్తుంది. ఫౌంటెన్ మాత్రం మనల్ని ఆశ్చర్యంలో ముంచి వదిలేస్తుంది. పంపు దగ్గర పాప చేతిలో ఒక పని ఉంది, స్పర్శకూ మాటకూ మధ్య ఒక దారి ఉంది. ఫౌంటెన్ దగ్గర దిగ్భ్రాంతి ఉంది. పిల్లలకు నేర్పే వృత్తిలోకి వెళ్లదలచిన విద్యార్థికి ఈ తేడా చిన్నది కాదు. నెలరోజుల పాటు అరచేతిలో అదేపనిగా రాస్తూపోయిన శ్రమ కనబడకపోతే, నీళ్లలోకి తోయడమే బోధన అనిపిస్తుంది.

తెలుగులో ఈ సన్నివేశం రాస్తే పాప తొలి మాట ఏదవుతుంది? మన ఇళ్లల్లో పందొమ్మిది నెలల పాపకు తప్పక వచ్చే మాట బువ్వ. బహుశా తెలుగు చిత్రం కాలవగట్టున గాక అన్నం కుండ దగ్గరే ముగియాలేమో. లిపి సంగతీ ఆలోచించవలసిందే. కాగితం మీద ‘నీరు’ రెండు అక్షరాలు. బ్రెయిలీలో గుణింతపు గుర్తులు హల్లు మీదా కిందా ఉండవు, హల్లు పక్కనే వరుసగా వస్తాయి. అందువల్ల న, ఈ, ర, ఉ అని నాలుగు గడులవుతాయి. వేలికి తెలిసే తెలుగు కంటికి తెలిసే తెలుగు కాదు.

గురువు మారినప్పుడు

మూలంలో గురువు జీతానికి వచ్చిన ఇరవై ఏళ్ల పేద అమ్మాయి. ఆమె మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు. చీకటి అంటే ఏమిటో ఆమెకు ముందే తెలుసు. దేబ్‌రాజ్ వయసు మళ్లినవాడు, తాగుబోతు, పైగా ఆ పాత్రలో ఉన్నది అమితాబ్. అతను గుమ్మంలో అడుగుపెట్టగానే సినిమా అతనిదైపోతుంది. భాషంతా స్పర్శతోనే నడిచే చోట మగ గురువు, ఎదిగిన శిష్యురాలు ఉంటే కొత్త చిక్కులు వస్తాయి. తనను ముద్దు పెట్టుకొమ్మని మిషెల్ గురువును అడిగే సన్నివేశం ఆ చిక్కునుంచి పుట్టిందే. సినిమా దాన్ని తలకెత్తుకుంది గాని మోయలేకపోయిందని ఈ పాఠ రచయిత అభిప్రాయం. మీరు అంగీకరించనవసరం లేదు.

రెండో సగం మాత్రం ‘బ్లాక్’ సొంతం. మిషెల్ కాలేజీలో చేరుతుంది, పరీక్షలు తప్పుతుంది, చాలా ఏళ్లకు పట్టా అందుకుంటుంది. నిజ జీవితంలో హెలెన్ 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీ నుంచి పట్టా పొందింది. పెన్ చిత్రం అంతదూరం వెళ్లదు, మాట తెలిసిన రోజే ఆగిపోతుంది. ‘బ్లాక్’లో గురువుకు అల్జీమర్స్ వ్యాధి వస్తుంది, మాటలు ఒక్కొక్కటే పోతాయి. చివరికి ఆసుపత్రి కిటికీ దగ్గర, వానలో అతని చెయ్యి పెట్టించి, మిషెల్ అతనికి నీళ్లు అన్న మాట నేర్పుతుంది. ఫౌంటెన్ దగ్గర లోపించినది ఇక్కడ దొరుకుతుంది. మళ్లీ ఒక చేతిమీద నీళ్లు, మళ్లీ నెమ్మదిగా ఒక మాట. మూలంలో గురువు తన వైకల్యాన్ని దాటి వస్తుంది, రీమేక్‌లో గురువు వైకల్యంలోకి వెళతాడు. ఈ తలకిందులు చేయడం వల్లనే ‘బ్లాక్’ ఒట్టి నకలు కాకుండా నిలిచింది. ఉత్తమ హిందీ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం దక్కింది, అమితాబ్‌కు ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. 2013లో టర్కీలో ‘బెనిమ్ దున్యామ్’ పేరుతో ‘బ్లాక్’కే ఒక రీమేక్ వచ్చింది. సగం రీమేక్ అన్నది మరొకరికి మూలం అయిందన్నమాట.

మరో తేడా కూడా గమనించండి. ‘బ్లాక్’లో మిషెల్ గొంతు నేపథ్యంలో తన కథ తాను చెబుతుంది. పెన్ చిత్రంలో హెలెన్‌కు అలాంటి గొంతు లేదు. ఆమె లోపల ఏముందో గురువుకు తెలియనట్టే మనకూ తెలియదు. చూపు, ధ్వని తప్ప మరేమీ లేని మాధ్యమం ఆ రెండూ లేని మనిషిని ఎలా చూపాలన్న సమస్యకు ఇవి రెండు జవాబులు. కృష్ణా డెల్టాలోని పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)లో ఈ సమస్యకు దగ్గరగా వెళ్లారు. అందులో వేణుగాన విద్వాంసుడికి చూపు లేదు, చిత్రకారిణికి మాట లేదు. ఆమె సైగలు అతనికి కనబడవు. వీలైతే ఆ చిత్రాన్నీ ఈ రెండింటి పక్కన పెట్టి చూడండి.

చేసి చూడండి

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో బధిరాంధత్వాన్ని బహుళ వైకల్యాల కింద చేర్చారు. మీ మండలంలోని భవిత కేంద్రానికి వీలుచూసుకుని వెళ్లి, అక్కడి ఉపాధ్యాయులు ఒక కొత్త మాటను పిల్లలకు ఎలా పరిచయం చేస్తారో, ఎన్నిసార్లు చేస్తారో అడిగి రాసుకోండి. పిల్లల పేర్లు రాయకండి. తరువాత పంపు సన్నివేశాన్నీ ఫౌంటెన్ సన్నివేశాన్నీ శబ్దం పూర్తిగా తగ్గించి ఒకసారి, కళ్లు మూసుకుని శబ్దంతో ఒకసారి చూడండి, వినండి. మీరు రాసుకున్న దానికి ఏ సన్నివేశం దగ్గరగా ఉందో, ఎందుకో రెండు పుటలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు చూపండి.