సంతకాల గడప దాటితేనే అధ్యక్ష బరిలోకి

2025 అక్టోబరు 24న ఐర్లండ్ ఓటర్ల చేతికొచ్చిన అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ మీద మూడు పేర్లున్నాయి. అందులో ఒకాయన అప్పటికే పోటీ మానుకున్నారు. ఆయన జిమ్ గావిన్. డబ్లిన్ గేలిక్ ఫుట్‌బాల్ జట్టును 2015 నుంచి వరసగా ఐదేళ్లు జాతీయ విజేతగా నిలిపిన మేనేజరు. అధికార పార్టీల్లో ఒకటైన ఫియనా ఫాల్ ఏరికోరి తెచ్చుకున్న అభ్యర్థి. ఏనాడో తన ఇంట్లో అద్దెకున్నవారు పొరపాటున ఎక్కువ కట్టిన 3,300 యూరోలు తిరిగివ్వలేదన్న సంగతి బయటపడటంతో అక్టోబరు 5న ఆయన తప్పుకున్నారు. ఉపసంహరణ గడువు అప్పటికే దాటిపోయింది గనుక పేరు అలాగే ఉండిపోయింది. అయినా ఆయనకు 1,03,568 ఓట్లు పడ్డాయి.

రబ్బరు స్టాంపు అని పేరుపడ్డ పదవికి ఇంత పట్టింపు ఎందుకు?

1937 నాటి ఐరిష్ రాజ్యాంగం పాలన పగ్గాలను ప్రధానికీ మంత్రివర్గానికీ అప్పగించింది. ప్రభుత్వం ఒప్పుకోనిదే అధ్యక్షుడు దేశం దాటి వెళ్లకూడదు. జాతినుద్దేశించి మాట్లాడాలన్నా ఆ ప్రసంగ పాఠానికి ప్రభుత్వ ఆమోదం ఉండాలి. సొంత విచక్షణతో చేయగలిగిన పెద్ద పనులు రెండే. రాజ్యాంగబద్ధమేనా అని సందేహం కలిగిన బిల్లును సుప్రీంకోర్టుకు పంపవచ్చు. మెజారిటీ పోయిన ప్రధాని పార్లమెంటును రద్దు చేయమంటే కాదనవచ్చు. ఈ రెండో అధికారాన్ని ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు. మొదటిది వాడిన అధ్యక్షుడు కార్వల్ ఓ డాలీని 1976లో సాక్షాత్తూ రక్షణ మంత్రే సైనికుల ఎదుట నానా మాటలన్నారు. పదవి గౌరవం నిలబెట్టడానికి ఓ డాలీ రాజీనామా చేసి వెళ్లిపోయారు.

పన్నులు తగ్గిస్తాననో, ఇళ్లు కట్టిస్తాననో చెప్పుకోవడానికి వీల్లేని పదవి ఇది. ఇక మిగిలేది మనిషే. ఆ మనిషి మాట నిలకడ ఎంత, గతం ఏమిటి, ఐరిష్ భాష వచ్చా, దేశ తటస్థ విధానం మీద ఏమంటారు అన్న ప్రశ్నల చుట్టూనే చర్చ నడుస్తుంది. అది దండగమారి చర్చ కాదు. ఏడేళ్లపాటు దేశం తరఫున నిలబడేవారిని జనం అంతకంటే ఎలా తూచగలరు?

1990 ఎన్నికే తీసుకుందాం. ఉప ప్రధాని బ్రయన్ లెనిహన్ గెలుపు ఖాయమని అందరూ అనుకున్నారు. 1982 జనవరిలో ప్రభుత్వం కూలినప్పుడు, పార్లమెంటును రద్దు చేయవద్దంటూ అప్పటి అధ్యక్షుడు పాట్రిక్ హిల్లరీ భవనానికి ఫోన్లు వెళ్లాయన్న పాత వ్యవహారం ప్రచారంలో పైకి తేలింది. తాను చేయలేదని లెనిహన్ టీవీలో చెప్పారు. కానీ అంతకుముందు ఒక పరిశోధక విద్యార్థితో మాట్లాడుతూ చేశానని ఆయనే అన్నారు. ఆ మాట టేపులో ఉంది. టేపు బయటికొచ్చిన రోజు ఆయన స్టూడియోలో కెమెరా వైపు సూటిగా చూస్తూ, బాగా గుర్తుచేసుకుంటే అలాంటిదేమీ జరగలేదన్నారు. దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. ప్రధాని ఆయన్ని మంత్రివర్గం నుంచి తొలగించారు.

అయినా మొదటి లెక్కింపులో లెనిహనే ముందున్నారు. ఆయనకు 6,94,484 ఓట్లు, న్యాయవాది మేరీ రాబిన్సన్‌కు 6,12,265. సగం దాటినవారు లేరు. మూడో స్థానంలో ఉన్న ఆస్టిన్ కరీని పక్కనపెట్టి, ఆయన ఓటర్లు రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చారో చూశారు. వాటిలో రెండు లక్షలకు పైగా రాబిన్సన్‌కే చేరాయి. ఐర్లండ్‌కు తొలి మహిళా అధ్యక్షురాలు అలా వచ్చారు. పొట్టకూటి కోసం దేశం విడిచిన లక్షల మంది ఐరిష్ వారి గుర్తుగా అధ్యక్ష భవనం వంటింటి కిటికీలో ఆమె ఒక దీపం పెట్టించారు. దానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఏ మంత్రి సంతకమూ అక్కర్లేదు. ఈ పదవికున్న అసలు బలం అటువంటి పనుల్లోనే ఉందని చెప్పాలి.

ఈ ప్రాధాన్య ఓటు మనకు కొత్త కాదు. మన రాష్ట్రపతి ఎన్నిక పద్ధతికి ఐరిష్ రాజ్యాంగమే ఆధారం. 1969లో ఇద్దరు తెలుగువాళ్లు వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడినప్పుడు మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు, రెండో ప్రాధాన్యం లెక్కపెట్టాకే గిరి గెలిచారు. ఆ గిరి కుర్రతనంలో న్యాయశాస్త్రం చదివింది డబ్లిన్‌లోనే. తేడా ఒకటుంది. ఇక్కడ ఓటు ఎంపీలది, ఎమ్మెల్యేలది. అక్కడ ప్రతి ఓటరుదీ.

కాకపోతే ఆ ఓటరు ముందుకు ఎవరు రావాలన్నది మాత్రం పార్టీల చేతుల్లోనే ఉంది. అభ్యర్థికి 35 ఏళ్లు నిండాలి, 20 మంది పార్లమెంటు సభ్యుల మద్దతు ఉండాలి. లేదా దేశంలోని 31 స్థానిక మండళ్లలో నాలుగు తీర్మానం చేయాలి. పార్టీలు కూడబలుక్కుంటే అసలు ఎన్నికే ఉండదు. 1973 తర్వాత 1990 దాకా ఐర్లండ్ ప్రజలు అధ్యక్షుడి కోసం ఓటు వేయనేలేదు. 2018లో మండళ్ల దారిన నలుగురు బరిలోకి రాగలిగారు. 2025లో ఆ దారిన ఒక్కరూ రాలేదు. న్యాయవాది మరియా స్టీన్ 18 మంది సభ్యుల మద్దతు కూడగట్టి, ఇంకో రెండు సంతకాలు దొరక్క ఆగిపోయారు.

చివరికి నిజమైన పోటీ ఇద్దరి మధ్యే జరిగింది. వామపక్షాలు బలపరిచిన గాల్వే స్వతంత్ర పార్లమెంటు సభ్యురాలు కేథరిన్ కానలీ 63 శాతం ఓట్లతో మాజీ మంత్రి హెదర్ హంఫ్రీస్‌ను ఓడించారు. అది తిరుగులేని గెలుపే. కానీ అదే రోజు 2,13,738 బ్యాలెట్లు చెల్లకుండా పోయాయి. అంటే పోలైన ప్రతి ఎనిమిది ఓట్లలో ఒకటి. గావిన్‌కు పడినవాటికి రెట్టింపు. నచ్చినవారిని బరిలోకే రానివ్వలేదన్న కోపంతో కావాలని పాడుచేసినవి వాటిలో ఎన్నో. పోలింగ్ కేంద్రం దాకా నడిచి వెళ్లి ఓటు చెడగొట్టినవారిని బాధ్యత లేనివారని కొట్టిపారేయడం తప్పు.

నామినేషన్‌లో పౌరులకూ పాలు ఉండాలని రాజ్యాంగ సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. 2015లో ప్రభుత్వం అభ్యర్థి వయసును 35 నుంచి 21కి తగ్గించాలా అని ప్రజలను అడిగింది. 73 శాతం వద్దన్నారు. సంతకాల గడప తగ్గించాలా అని మాత్రం ఎన్నడూ అడగలేదు. కానలీ పదవీకాలం 2032 దాకా ఉంది. ఆలోగా ఆ ప్రశ్నను ప్రజల ముందు పెట్టాలి.