నేలపనికి ఫారము

ఇంటికి నేల పఱపించుట యెన్నేండ్లకో యొకసారి జరుగు పని. చీర నచ్చకున్న మార్చుకొనవచ్చును. పఱచిన బండ నచ్చకున్న పెకలింపవలసినదే. అయినను ఈ పనిలో వచ్చు తగవులలో పెక్కులు బండవలన గాక మాటవలన పుట్టుచున్నవి. మా మఱిది కర్నూలులో నేలలు పఱపించు కంట్రాక్టుదారుడు. బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, కడప నల్లరాయి, గ్రానైటు, టైల్సు, అన్నియు వేయించును. పని కోరువారు ఫోనులో చెప్పిన దొకటి, ఇతడు వినిన దొకటి, మేస్త్రీ చేసిన దొకటి. కడకు కూలి లెక్కకడ రభస.

ఇందులకై అతడు సొమ్మిచ్చి యొకరిచేత, ఫోనులోనే తెఱచి నింపి పంపుటకు వీలైన ఆన్‌లైను ఫారము చేయించెను. అది యంతయు నింగ్లీషు, ప్రశ్నలు నలుబది. సగము చేరకముందే చాలమంది విడిచిపెట్టిరి. అంతట "వదినా, తెలుగున మీరే వ్రాసిపెట్టవలె"నని మాకడకు వచ్చెను.

సోదరీమణులారా! ఇది మీకును అసాధ్యము గాదు. గూగులు ఖాతా గలవారెవరైనను సొమ్ము చెల్లింపకయే గూగులు ఫారమ్సులో దీనిని కల్పించుకొనవచ్చును. ప్రతి ప్రశ్నకును జవాబు విధమును మనమే నిర్ణయింపవలెను: ఒక పంక్తిలో వ్రాయునదా, ఇచ్చినవానిలో నొకటి యెన్నుకొనునదా, పెక్కింటికి గుర్తు పెట్టునదా, తేదీయా. తప్పనిసరి యనుకొన్న ప్రశ్నప్రక్క ఎఱ్ఱని నక్షత్రపు గుర్తు పడును. దానికి జవాబీయనిదే ఫారము కదలదు. ఈ గుర్తును పొదుపుగా వాడవలెను. పేరు, ఊరు, ఫోను సంఖ్య, ఏ యే గదులలో పని, ఇవి మాత్రమే మేము తప్పనిసరి చేసితిమి. కొలతలు తెలియని యిల్లాలు ఆ యొక్క ప్రశ్నకడ నిలిచిపోయి ఫోను మూసివేసిన నెవరికి లాభము?

పాత ఫారములో "మొత్తము విస్తీర్ణ మెంత?" అని యొకే ప్రశ్న యుండెను. తగవులకెల్ల నదియే మూలము. మేము దానిని విడదీసి, గదిగదికిని పొడవు, వెడల్పు అడిగితిమి. జవాబు అంకెలలోనే యుండునట్లు కట్టుదిట్టము చేసితిమి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి నేల 120 చదరపుటడుగులు. కోతలకును విఱుగుడుకును నూటికి పది చొప్పున కలిపిన 132. రెండడుగుల చదరపు టైలు నాలుగు చదరపుటడుగులు గనుక 33 టైల్సు. ఇంతటితో లెక్క ముగిసినదని యింటివారు తలతురు. మఱి గోడ యడుగున వేయు స్కర్టింగు మాట? గది చుట్టుకొలత 44 అడుగులు. మూడడుగుల ద్వారము తీసివేయగా 41. నాలుగంగుళాల యెత్తున వేసిన అదియే దాదాపు 14 చదరపుటడుగులు. అది "మొత్తము"లో చేరినదా లేదా యని పని ముగిసిన పిదప వాదించుకొనుటకంటె, "స్కర్టింగు కావలెనా?" యని ముందే యడుగుట మేలు గదా.

పాతనేలను పెకలింపవలెనా, దానిమీదనే పఱవవలెనా యనునది మఱియొకటి. మీదనే పఱచినచో నేల యెత్తు పెరిగి తలుపు రెక్క తగులుకొనును. దాని యడుగు కోయింపవలసివచ్చును. పెకలించినచో ఆ శిథిలము నెక్కడ పోయవలెనో తెలియవలెను. పెకలింపుమనిన వారికి మాత్రమే ఆ ప్రశ్న కనబడునట్లు ఫారమును భాగములుగా చేయవచ్చును. ఎన్నవ యంతస్తు, లిఫ్టు గలదా యని మాత్రము అందఱిని అడుగవలసినదే. మూడవ యంతస్తుకు బండలు మోయువాని శ్రమ ఫారములో లేకున్న కూలిలోను ఉండదు.

మాకు ముఖ్యముగ తోచినది వేఱొకటి కలదు. సొమ్మిచ్చువా రొకరు, ఆ నేలపై నడచువా రొకరు. అమెరికాలోని కుమారుడు ఫారము నింపి, నంద్యాలలోని తల్లి యింటికి అద్దమువలె మెఱయు టైల్సు కోరును. డెబ్బదియేండ్ల యామె తడికాలితో జారినచో తుంటియెముక విఱుగవచ్చునని అతనికి తోచదు. కావున "ఇంట వృద్ధులు గలరా?", "స్నానపుగదికి గరుకు టైల్సు వేయవలెనా?" యని యడిగి, ఇంట నుండువారి ఫోను సంఖ్యకు వేఱుగా చోటుంచితిమి. పరదేశపు సంఖ్యలు పదియంకెలకు మించవచ్చును గనుక, పదియే యుండవలెనను పాత నిబంధనను తీసివేసితిమి. వంటయింటికి తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్లలో దేనిని కోరినను, అవి సున్నపురాళ్లనియు, నిమ్మరసము, చింతపండు పులుసు పడి నిలిచినచో మచ్చలు పడుననియు ప్రశ్నక్రిందనే యొక పంక్తి వ్రాసితిమి. సరకు అమ్ముకొనువా డిట్లు వ్రాయునా యని మఱిది కొంత సంకోచించెను గాని తుడిచివేయలేదు.

ఛాయాచిత్రములను ఫారములోనే జతచేయుమనిన, నింపువారు గూగులు ఖాతాలో ప్రవేశింపవలసివచ్చును. పల్లెల స్త్రీలకు ఇది చిక్కు. వాట్సాపులో పంపుడని వ్రాసి యూరకుంటిమి.

జవాబు లన్నియు నొక పట్టికలో చేరును. అందు స్త్రీల ఫోను సంఖ్యలు, ఇంటి యానవాళ్లు నుండును. లంకె గలవారెవరైన చూడవచ్చునను ఏర్పాటును ఆ పట్టికకు పెట్టరాదు. జవాబుల సారాంశమును నింపినవారికి చూపు సదుపాయ మొకటి ఫారములో గలదు, అదియు మూసియుండవలెను. మేస్త్రీకి కొలతలు, ఇంటి గుర్తులు చాలును. తక్కినవి మఱిది కడనే యుండునట్లు చేసితిమి.

కడపటి ప్రశ్న "ఇంకేమైన చెప్పదలచితిరా?" యనునది. చాలమంది దానిని వదలివేయుదురు. ఒక గృహిణి మాత్రము, పాత కొయ్యగడపను కదలింపరాదనియు, వాకిట ముగ్గు నిలుచుటకై నాలుగడుగుల మేర పాలిషులేని రాయి పఱవవలెననియు వ్రాసెను. మఱిది ఆ జవాబును మేస్త్రీకి చూపి, పని మొదలు పెట్టకముందే యచ్చట సుద్దతో గీత గీయించెను.