గడ్డికోత యంత్రం, అదనపు భాగాలు: తక్కువ స్థలంలో భద్రపరచడం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- గడ్డికోత యంత్రపు అదనపు భాగాలను వాడకాన్ని బట్టి వర్గీకరించగలుగుతారు.
- చిన్న గదిలో గోడలను ఎలా ఉపయోగించుకోవాలో లెక్కవేసి చూపగలుగుతారు.
- పెట్రోలును విడిగా ఎందుకు ఉంచాలో వివరించగలుగుతారు.

7.1 పరిచయం

రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని నార్సింగిని ఉదాహరణగా తీసుకుందాం. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, ఒకప్పటి పొలాల్లో విల్లాలు, ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాయి. ప్రతి నివాస సముదాయంలోనూ పచ్చిక ఉంటుంది. కాని దాన్ని కోసే యంత్రానికి, గడ్డి సంచికి, రోలరుకు, బ్రష్ కట్టరు బ్లేళ్లకు ప్లానులో చోటు ఉండదు. చివరకు అవి సెల్లారులో, మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన చేరతాయి. చాలాచోట్ల వాచ్‌మన్ కుటుంబం నివసించేది, వంట చేసుకునేది కూడా ఆ అంతస్తులోనే. కాబట్టి సామాను సర్దడం ఇక్కడ మనుషుల భద్రతకు సంబంధించిన పని.

7.2 వాడకాన్ని బట్టి వర్గీకరణ

సామానును పరిమాణాన్ని బట్టి కాక, ఎంత తరచుగా వాడుతున్నామన్న దాన్ని బట్టి మూడు వర్గాలుగా విభజించండి.

(అ) వారం వారం వాడేవి: యంత్రం, గడ్డి సంచి, బ్రష్ కట్టరు. జూన్ నుండి సెప్టెంబరు వరకు గడ్డి త్వరగా పెరుగుతుంది కనుక ఇవి తలుపు దగ్గరే ఉండాలి.
(ఆ) అప్పుడప్పుడు వాడేవి: మట్టిని గుల్లచేసే భాగం, ఎండుగడ్డి లాగే పళ్ల చట్రం, అదనపు బ్లేళ్లు.
(ఇ) ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేవి: రోలరు వంటివి. ఇరుగుపొరుగు విల్లాలవారు కలిసి ఒకటే ఉంచుకుంటే సగం సమస్య తీరుతుంది.

7.3 గోడల లెక్క

తోట పక్కన 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల చిన్న గది ఉందనుకోండి. తలుపు పొడుగు వైపున ఉంది.

నేల వైశాల్యం: 6 × 4 = 24 చదరపు అడుగులు
తలుపు లేని మూడు గోడల వైశాల్యం: (6 + 4 + 4) × 7 = 98 చదరపు అడుగులు

అంటే గోడలు నేలకు దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల యంత్రాన్ని, రోలరును మాత్రమే నేలపై ఉంచి, మిగతావాటిని కొక్కేలకు తగిలించాలి. ఈ పనిలో పాటించవలసిన జాగ్రత్తలు:

1. బరువైనవి కింద, తేలికైనవి పైన ఉండాలి. రోలరులో నీళ్లుంటే పారబోయండి. 40 లీటర్లు తీసేస్తే 40 కిలోల బరువు తగ్గుతుంది.
2. ఇంజను పూర్తిగా చల్లారాకే యంత్రాన్ని లోపల పెట్టండి. పిడి మడిచేదైతే మడవండి. శుభ్రం చేసేందుకు యంత్రాన్ని వంచేముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. ఎయిర్ ఫిల్టరు పైవైపుకు ఉండేలా వంచితే ఆయిలు అందులోకి కారదు.
3. బ్లేళ్లకు పల్చగా నూనె రాసి, అంచుకు చీల్చిన పాత నీళ్ల పైపు ముక్క తొడగండి. చీకట్లో చెయ్యిపెట్టిన తోటమాలి వేళ్లు తెగకుండా ఉంటాయి.
4. గడ్డి సంచిని దులిపి, ఆరబెట్టి తగిలించండి. తడిగా ఉంటే బూజు పడుతుంది.

7.4 పెట్రోలు

పెట్రోలు సుమారు −40 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా మండగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందువల్ల అది పైకి పోకుండా నేలబారుగా పాకి, సెల్లారు వంటి పల్లపు చోట్ల నిలుస్తుంది. దూరాన ఉన్న స్టవ్వు మంట గాని, మోటారు స్విచ్చిలోని నిప్పురవ్వ గాని దాన్ని అంటించగలదు.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే దాన్ని గట్టి మూత గల గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉంచాలి. గాజు, పింగాణీ పాత్రలు 1 లీటరును, లోహపు డబ్బా 25 లీటర్లను మించరాదు. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసా ఈ జాబితాలో లేదు. పిల్లలు నీళ్లనుకుని తాగే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి అవసరమైనంతే కొనండి. డబ్బాను భవనం బయట, నేలమట్టంలో, నీడలో, గాలి ఆడే తాళపు పెట్టెలో ఉంచండి. ఎక్కువకాలం వాడని యంత్రంలో ఇంధనం మిగల్చకండి. ఫైరింజను తిరిగే దారికి, మెట్లకు ఏ సామానూ అడ్డురాకూడదు.

7.5 సారాంశం

వాడకాన్ని బట్టి విభజించడం, గోడలను ఉపయోగించడం, పెట్రోలును వేరుచేయడం: ఈ మూడింటిని పాటిస్తే 24 చదరపు అడుగుల గది సరిపోతుంది. చోటు చాలకపోతే రోలరును బయట కప్పి ఉంచవచ్చు. పెట్రోలు డబ్బాను మాత్రం ఏ కారణంతోనూ సెల్లారుకు చేర్చకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల గదికి పొడుగు వైపున తలుపు ఉంది. మిగిలిన మూడు గోడల వైశాల్యం ఎంత? (జవాబు: 91 చదరపు అడుగులు)
2. పెట్రోలు ఆవిరి సెల్లారులో ఎందుకు నిలుస్తుంది?
3. మీ నివాస సముదాయంలో తోట సామాను ఎక్కడ ఉందో చూసి, మార్చవలసిన మూడు అంశాలు రాయండి.