విమానం ఎక్కిస్తే క్యూ వంగుతుందా?

విమానం ఎక్కిస్తే క్యూ వంగిపోతుందేమోనని స్నూకర్, పూల్ ఆడేవాళ్లు భయపడుతుంటారు. 35 వేల అడుగుల ఎత్తున బయట మైనస్ 54 డిగ్రీల చలి, లోపలేమో ఎండు గాలి. పైగా అది ఏళ్ల తరబడి చేతికి అలవాటు చేసుకున్న కర్ర. భయం సహజమే. కలప లెక్క మాత్రం మరోలా ఉంది. గాలిలో ఉన్న ఆ రెండు మూడు గంటల్లో క్యూకు జరిగేది చాలా తక్కువ. దానికి ముప్పు వచ్చేది లగేజీ ఎక్కించి దించేచోట, ఆ తర్వాత కొత్త ఊళ్లో గడిపే వారాల్లో.

సికింద్రాబాద్ లాంటి ఊరికి ఈ ఆట కొత్త కాదు. స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో పుట్టింది. దేశంలో అది వేళ్లూనుకున్నది కంటోన్మెంటు ఊళ్లలో, అక్కడి క్లబ్బుల్లో. 1806 నుంచీ కంటోన్మెంటుగా ఉన్న సికింద్రాబాద్‌లో క్లబ్బు వెలిసింది 1878లో. ఆటగాడు పోటీలకు బయల్దేరాలంటే 2008 మార్చి దాకా పక్కనే బేగంపేటలో విమానం ఎక్కేవాడు. ఇప్పుడు శంషాబాద్ దాకా పోవాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్యూను వదిలేసి టీ తాగడానికి దిగితే, విమానం పెట్టే పరీక్షకన్నా అదే పెద్ద పరీక్ష.

క్యూను చేతిలో పట్టుకుని విమానంలోకి వెళ్లడం కుదరదు. పౌర విమానయాన భద్రతా బ్యూరో క్యాబిన్‌లోకి వద్దన్న వస్తువుల్లో క్రికెట్ బ్యాట్, హాకీ స్టిక్‌తో పాటు పూల్ క్యూ కూడా ఉంది. అమెరికాలోనూ ఇదే పద్ధతి. అర కిలో బరువున్న గట్టి కర్ర కర్రే కాబట్టి రెండు ముక్కలుగా విప్పి తీసుకెళ్లినా ఒప్పుకోరు. టిప్ చెక్కే బ్లేడు ఉంటే అదీ చెక్-ఇన్ సామానులోకే పోవాలి. పూల్ క్యూ నడిమికి విడిపోతుంది, ఒక్కో ముక్క 75 సెంటీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి పెద్ద సూట్‌కేసులో ఐమూలగా పడుతుంది. స్నూకర్ క్యూ చాలావరకు నాలుగింట మూడు వంతుల దగ్గర విడిపోయే రకం. దాని పొడుగు ముక్క మీటరు దాటుతుంది, దానికి విడిగా పెట్టె కావలసిందే.

ఆ పెట్టె ఎంత గట్టిగా ఉండాలో తెలియాలంటే విరుపు లెక్క చూడాలి. గుండ్రని కర్ర వంపును తట్టుకునే బలం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 29 మిల్లీమీటర్ల బట్ చివరతో పోలిస్తే 10 మిల్లీమీటర్ల టిప్ చివర బలం దాదాపు 24వ వంతు మాత్రమే. 12 మిల్లీమీటర్ల ఆష్ కర్రను మీటరు ఎడంగా ఉన్న రెండు ఆనుల మీద పెట్టి, మధ్యలో నెమ్మదిగా బరువు పెంచుకుంటూ పోతే ఏడు కిలోల దగ్గర విరుగుతుంది. విమానం సామాన్ల గదిలో దాని మీద పడే సూట్‌కేసు ఒక్కటే ఇరవై కిలోలు ఉండొచ్చు. ఆనుల మధ్య దూరం పావు మీటరుకు తగ్గిస్తే మాత్రం అదే కర్ర నాలుగు రెట్ల బరువు మోస్తుంది. పెట్టె లోపల ఫోమ్ చేసే మేలు ఇదే. క్యూ పొడవునా ఎక్కడికక్కడ ఆను ఇస్తుంది. పైన అల్యూమినియం పెట్టె మెరుస్తూ ఉండి లోపల క్యూ లొడలొడలాడుతుంటే ఆ పెట్టె వల్ల సగం లాభమే. ‘ఫ్రాజైల్’ స్టిక్కరు మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు. ఖాళీల్లో కుక్కిన తువ్వాలు మీద ఉంది.

ఇది ఊరికే చెబుతున్న జాగ్రత్త కాదు. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్టీఫెన్ హెండ్రీ క్యూ 2003లో థాయ్‌లాండ్ నుంచి తిరుగు ప్రయాణంలో, విమానం సామాన్లలో విరిగిపోయింది. ఆ ఏడు టైటిళ్లూ గెలిచింది దానితోనే.

ఇక గాలిలో జరిగేది. సామాన్ల గదిలోనూ ప్రయాణికుల క్యాబిన్‌లో ఉన్నంత పీడనమే ఉంటుంది. అది ఎంత తగ్గినా దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీది పీడనానికి సమానం. 1882లో స్నూకర్ నియమాలు రాసి గోడకు తగిలించిన ఊటీ క్లబ్బు ఉన్నదే 2,240 మీటర్ల ఎత్తున. అక్కడ ఇన్నేళ్లుగా ఆడుతున్న క్యూలకు లేని బాధ విమానంలో కొత్తగా రాదు. చలి సంగతి చూస్తే, కలప నిలువునా వేడికీ చలికీ స్పందించేది అత్యల్పం. 30 డిగ్రీల తేడా వచ్చినా మొత్తం క్యూ పొడవులో మార్పు మిల్లీమీటరులో అయిదో వంతును మించదు.

అసలు శత్రువు తేమ. వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం అందరికీ అనుభవమే. గాలిలో తేమ పెరిగితే కలప పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. నిలువునా వచ్చే మార్పు బాగా తక్కువే. అయితే కర్రలో నార ఒకవైపు కాస్త ఏటవాలుగా ఉంటే, ఆ వైపు రెండో వైపుకన్నా కొంచెం ఎక్కువ సాగుతుంది. ఈ కొంచెం ఎంతో చూడండి: మీటరు పొడవు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న కర్రలో ఒక వైపు రెండో వైపుకన్నా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడుగైతే చాలు, నడుమ అర మిల్లీమీటరు వంపు తేలుతుంది. నార తిన్నగా ఉన్న ఆష్, మేపుల్ కలపకు క్యూల తయారీలో అంత గిరాకీ అందుకే.

తేమ ఎక్కడానికి, దిగడానికి మాత్రం బాగా సమయం పడుతుంది. పది మిల్లీమీటర్ల కర్ర నడిమి దాకా వేడి నిమిషాల్లో చేరితే, తేమ చేరడానికి రోజులు పడతాయి. పైన లక్కర్ పూత ఉంటే ఇంకా ఆలస్యం. శంషాబాద్ నుంచి ఢిల్లీ చేరేలోగా మూసిన పెట్టెలోని క్యూకు ఎండు గాలి సోకనట్టే. చెన్నైలో దిగినప్పుడు మాత్రం ఒక చిక్కు ఉంది. చల్లబడిన పెట్టెను తీరపు ఉక్కగాలిలో వెంటనే తెరిస్తే, ఇత్తడి జాయింటు మీద, పూత మీద నీటి తడి పేరుకుంటుంది. గంటసేపు మూసే ఉంచితే ఆ బెడద ఉండదు.

దీర్ఘకాలం ఉండేవాళ్ల సంగతి వేరు. ఆగస్టు వానల్లో సికింద్రాబాద్ వదిలి, చలికాలానికి న్యూజెర్సీలో హీటర్ నడిచే ఇంట్లో స్థిరపడ్డ మన కుర్రవాడి క్యూ కొన్ని వారాల్లో బాగా ఎండిపోతుంది. పది మిల్లీమీటర్ల కొన మిల్లీమీటరులో పదో వంతుకు పైగా సన్నబడవచ్చు. దాన్ని చుట్టి ఉన్న ఇత్తడి ఫెర్రూల్ సన్నబడదు కాబట్టి వదులవుతుంది. క్యూను గోడకు చేరవేయకుండా, హీటరుకు దూరంగా పెట్టెలోనే ఉంచితే ఈ ఎండటం నెమ్మదిగా, అన్ని వైపులా సమానంగా సాగుతుంది.

ఊరు మారాక మొదటి ఆటలో బంతులు మొరాయిస్తే చాలామంది నెపం క్యూ మీద వేస్తారు. టేబుల్ మీది ఉన్ని గుడ్డ కూడా తేమ పీల్చుకుంటుంది. తీరప్రాంతంలో బంతి నెమ్మదించడానికి తరచూ అదే కారణం. పెద్ద పోటీల్లో టేబుల్ పలకరాయి కింద హీటర్లు పెట్టేది గుడ్డను పొడిగా ఉంచడానికే. క్యూను టేబుల్ మీద దొర్లించినప్పుడు టిప్ పైకీ కిందకీ ఊగకపోతే, క్యూ తిన్నగానే ఉంది, తేమ గుడ్డలో చేరింది.