అహ్మెస్ లెక్క – నాయనమ్మ గిద్దె

క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టు లేఖకుడు అహ్మెస్, పపైరస్ పత్రంపై హైరాటిక్ అనే గొలుసుకట్టు లిపిలో ఎనభైకి పైగా లెక్కలు రాశాడు. 1858లో రిండ్ కొన్న ఆ పత్రం నేడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

వారి ధాన్యం కొలత 'హెకత్'. దాన్ని సగానికి సగం చేస్తూ 1/2, 1/4, 1/8, 1/16, 1/32, 1/64 అని ఆరు భాగాలు రాసేవారు. ఇది చదవగానే మా ఇంటి గాదె గుర్తొచ్చింది. కుంచంలో సగం అడ్డ. అలాగే మానిక, తవ్వ, సోల, అరసోల, గిద్దె. గిద్దె అంటే సరిగ్గా 64వ వంతే!

ఒకరిని చూసి ఒకరు నేర్చారని కాదు. గింజల కుప్పను సగం చేయడానికి బడి అక్కర్లేదు.

ఆరు భాగాలూ కలిపితే 63/64. ఒక గిద్దె తక్కువ. కూలికి కొలిచేటప్పుడు ఆ గిద్దె కూడా పడితేనే మా నాయనమ్మ "కుంచం నిండింది" అనేది. చదువు రాని ఆమెకు భిన్నాలు వచ్చు.

మిత్రులారా, ఆ కొలపాత్రలు పాత ఇనుముకు పోకముందే మీ ఇంట్లో ఒకసారి అడగండి!