గేటు మీది బోర్డు కాదు.. చదువు చెప్పే బోర్డు చూడాలి

* ‘ఇంటర్నేషనల్’ చదువులకు లక్షల్లో రుసుములు
* చేర్చే ముందే పన్నెండేళ్ల లెక్క వేసుకుంటే మేలు

నరసరావుపేట: వేసవి వచ్చిందంటే పల్నాడు పల్లెల్లో మిర్చి కల్లాల లెక్కలతో పాటు పిల్లల చదువుల లెక్కలూ మొదలవుతాయి. మాచర్ల, గురజాల, వినుకొండ ప్రాంతాల నుంచి పిల్లలను గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ వసతి గృహాలకు పంపడం దశాబ్దాలుగా ఉన్నదే. ఇప్పుడు ‘ఇంటర్నేషనల్’ అన్న పేరు తల్లిదండ్రులను మరింతగా ఆకర్షిస్తోంది. అప్పు చేసైనా, అర ఎకరం అమ్మైనా అక్కడే చదివించాలన్న ఆరాటం కనిపిస్తోంది. అయితే అంత ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుందా అన్నది చేర్చే ముందే తేల్చుకోవాల్సిన విషయం.

పేరు వేరు.. బోర్డు వేరు

పాఠశాల పేరులో ‘ఇంటర్నేషనల్’ అని ఉన్నంత మాత్రాన అక్కడ అంతర్జాతీయ పాఠ్యప్రణాళిక ఉన్నట్లు కాదు. ఆ పేరుతో సీబీఎస్‌ఈ, రాష్ట్ర సిలబస్ బోధించే పాఠశాలలు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ విధానాల్లో ప్రధానమైనవి రెండు. ఒకటి 1968లో జెనీవాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ). రెండోది ఐజీసీఎస్‌ఈ, ఏ లెవెల్ పరీక్షలు నిర్వహించే బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి సంస్థ. వీటి అనుమతి పొందిన పాఠశాలల వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఉంటాయి. సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాలల జాబితా కూడా అలాగే లభిస్తుంది. పాఠశాల ఇచ్చే కరపత్రాన్ని కాక ఈ జాబితాను చూడాలి.

ఎక్కడికి పంపాలనుకుంటే ఆ చదువు

ఐబీ డిప్లొమాలో విద్యార్థి ఆరు సబ్జెక్టులతో పాటు సొంతంగా ఒక పరిశోధన వ్యాసం రాయాలి. కంఠస్థం కంటే ఆలోచనకు ప్రాధాన్యం ఉంటుంది. ఇంటర్ తర్వాత నేరుగా విదేశాల్లో డిగ్రీ చేయాలనుకునే వారికి ఇది ఉపకరిస్తుంది. మన దేశంలోనూ దీనికి 12వ తరగతితో సమాన గుర్తింపు ఉంది. జేఈఈ కూడా రాయవచ్చు.

చిక్కు పరీక్షల తీరులో ఉంది. జేఈఈ, నీట్ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలకు దగ్గరగా ఉంటాయి. ఐబీ విద్యార్థి వాటికి విడిగా సిద్ధం కావాలి. పైగా ఐబీ తుది పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మేలో సాగుతాయి. నీట్ కూడా కొన్నేళ్లుగా మే మొదటి వారంలోనే జరుగుతోంది. అంటే రెండు రుసుములు, రెండు చదువులు. ఇక మన ప్రాంతం నుంచి అమెరికా వెళ్లే విద్యార్థుల్లో ఎక్కువ మంది ఇక్కడ బీటెక్ చేసి, ఎంఎస్ కోసం వెళ్తున్న వారే. ఆ దారికి ఐబీ అవసరం లేదు.

మిర్చి లెక్కలో రుసుము

హైదరాబాద్ వంటి నగరాల్లో ఐబీ పాఠశాలల రుసుము ఏడాదికి లక్షల్లోనే ఉంటుంది. ఉదాహరణకు ఏడాదికి రూ.4 లక్షలు అనుకుందాం. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మిర్చికి ప్రకటించిన జోక్యం ధర క్వింటాకు రూ.11,781. ఆ లెక్కన ఒక బిడ్డ ఒక ఏడాది రుసుముకు దాదాపు 34 క్వింటాళ్ల మిర్చి కావాలి. ఎకరాకు 20 క్వింటాళ్లు పండినా ఎకరంన్నరకు పైగా పంట మొత్తం దానికే పోతుంది. కౌలు, ఎరువులు, కోత కూలి ఇందులో కలపలేదు.

తక్కువ రుసుముతో మొదలైనా భారం పెరుగుతూనే ఉంటుంది. ఒకటో తరగతిలో రూ.లక్షతో చేర్చి, ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 12వ తరగతిలో ఆ ఒక్క ఏడాదికే రూ.2.85 లక్షలు కట్టాలి. పన్నెండేళ్లకు కలిపి రూ.21.38 లక్షలవుతుంది. రవాణా, వసతి, పుస్తకాలు, పరీక్ష రుసుములు అదనం.

రుసుములకు ప్రభుత్వం పరిమితి విధించే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2021 ఆగస్టులో జారీ చేసిన జీవో 53 ప్రకారం పంచాయతీల్లోని ప్రైవేటు పాఠశాలల్లో 5వ తరగతి వరకు రూ.10 వేలు, ఉన్నత తరగతులకు రూ.12 వేలు గరిష్ఠంగా నిర్ణయించారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది.

మధ్యలో మానిపిస్తేనే అసలు నష్టం

రెండేళ్లు వరుసగా ధర దక్కకపోతే చాలా ఇళ్లలో ముందుగా కదిలేది పిల్లల బడే. ఎనిమిదో తరగతి వరకు అంతర్జాతీయ సిలబస్ చదివిన బిడ్డను తొమ్మిదిలో రాష్ట్ర సిలబస్‌కు మార్చితే పాఠాలు, పరీక్షల తీరు అన్నీ మారిపోతాయి. తెలుగు మాధ్యమంలో కాకపోయినా పదో తరగతిలో తెలుగు పరీక్ష ఉంటుంది. తెలుగు సరిగా రాయడం రాని పిల్లలకు అదే పెద్ద గండం. కట్టిన లక్షలు పోవడమే కాక, బిడ్డ ఆత్మవిశ్వాసమూ దెబ్బతింటుంది.

ఇంటికి దగ్గరలోనే ఇతర దారులు

* చిలకలూరిపేట మండలం మద్దిరాలలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా ఆరో తరగతిలో చేర్చుకుంటారు. సీబీఎస్‌ఈ బోధన, భోజనం, వసతి ఉచితం.

* నాగార్జునసాగర్ వద్ద విజయపురి సౌత్‌లోని ఏపీ గురుకుల జూనియర్ కళాశాలలో పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్ష ద్వారా ఇంటర్ సీట్లు లభిస్తాయి.

* విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు పాఠశాలల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లను బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగా కేటాయించాలి. రాష్ట్రంలో ఇది ఐబీ, ఐసీఎస్‌ఈ, సీబీఎస్‌ఈ పాఠశాలలకూ వర్తిస్తుంది.

చేర్చే ముందు అడగాల్సినవి

* ఏ బోర్డు అనుమతి ఉంది? ఏ తరగతి వరకు?
* గత మూడేళ్లలో రుసుము ఎంత పెరిగింది? మధ్యలో మానిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారా?
* 12వ తరగతి పూర్తిచేసిన వారు ఏ కళాశాలల్లో చేరారు?
* ఉపాధ్యాయులు ఎన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్నారు?

స్థిరమైన ఆదాయం ఉండి, బిడ్డను విదేశాల్లో డిగ్రీ చదివించే స్తోమత, ఆలోచన ఉన్న కుటుంబానికి నిజమైన ఐబీ పాఠశాల దండగ కాదు. ఈఏపీసెట్ ర్యాంకో, నీట్ సీటో లక్ష్యంగా ఉన్న రైతు కుటుంబం పొలం అమ్మి ఆ చదువు కొనాల్సిన అవసరం లేదు. ఆ ఎకరం నిలిస్తే రేపు బీటెక్‌కో, వైద్య విద్యకో ఆసరాగా ఉంటుంది.